టాల్కె డిర్క్‌సెన్ పనిగంటలు

బస్సు సముద్రపు కట్ట మలుపు తిరిగి పాత గాలిమర దగ్గర ఆగేసరికి గేషె రైకెనా ఒళ్ళో తోలుసంచి పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది. అక్టోబరు నెల, పడమటి గాలి, కిటికీ అద్దాల మీద ఉప్పు చారలు. ఎక్కింది ఒక్కతే మనిషి. బస్సంతా ఖాళీగా ఉన్నా నేరుగా వచ్చి గేషె పక్కన నిలబడింది.

"మోయిన్," అని ఈ తీరపు పలకరింపు విసిరి, "జరుగు కాస్త," అంది.

గేషె కళ్ళు తెరిచింది. ఆ ముఖాన్ని పోల్చుకోవడానికి క్షణం పట్టింది. పద్నాలుగేళ్ళపాటు ఏటా ఒక పూట చూసిన ముఖమే, కానీ ఎప్పుడూ ఒకే ఇంట్లో, ఒకే బల్ల వెనక. బల్ల అడ్డం లేకపోతే టాల్కె డిర్క్‌సెన్ ఇంత పొట్టి మనిషని ఆమెకి ఇవాళే తెలిసింది.

"నీ ఇంటికే బయల్దేరా," అంది టాల్కె కూలబడుతూ. "దార్లోనే దొరికావ్. పోన్లే, మీ ఆయన ముందు చెప్పుకోవాల్సిన పని తప్పింది."

"మార్చిలో మీ ఇంటికొచ్చా టాల్కె. మీ ఆయన హబ్బో తలుపు తీశాడు. నువ్వు లేవన్నాడు."

"ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పు."

గేషె తటపటాయించింది. "‘లెక్కలమ్మా, ఈ ఏడు సగం ఇల్లే మిగిలింది, సగం కాగితమే నింపుకో’ అన్నాడు."

టాల్కె పకపకా నవ్వింది. డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు. "వాడి నాలుక గాలానికి గుచ్చితే చేపలు కూడా పారిపోతాయి," అంది. అంతలోనే నవ్వు ఆపేసి, చేతి తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ కణుపులు వాచి ఎర్రగా ఉన్నాయి, గోళ్ళ చుట్టూ చర్మం పగిలి ఉంది. "వాడి మీద దావా వేశా. సాక్షి కావాలి. నువ్వు రావాలి."

గేషె చేసేది ప్రశ్నలడిగే పని. రాజధానిలో ఉన్న ఒక పరిశోధన సంస్థ దేశం మొత్తం మీద కొన్ని వేల ఇళ్ళను ఏరుకుని, ఏటా అదే ఇంటికి, అదే మనుషుల దగ్గరికి, అవే ప్రశ్నలతో మనిషిని పంపుతుంది. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు, పిల్లల్ని ఎవరు చూశారు, వంట ఎవరు చేశారు, ఎంత సంపాదించారు, బతుకు మీద తృప్తి సున్నా నించి పది దాకా ఎంత. సముద్రపు ఒడ్డున పదకొండు ఊళ్ళు గేషెవి. ఒకప్పుడు తపాలా కార్యాలయంలో బిళ్ళలు అమ్మేది. బిడ్డ పుట్టగానే, ఆ కాలపు ఆడవాళ్ళందరిలాగే, ఎవరూ మానమనకుండానే మానేసింది. మొగుడు రేవు పూడిక తీసే తవ్వోడ మీద నడుం విరగ్గొట్టుకుని ఇంట్లో పడ్డాక ఈ పని దొరికింది. జీతం లేదు. నింపిన కాగితానికి ఇంత అని ఇస్తారు. చేరిన కొత్తలో రెండు రోజులు శిక్షణ ఇచ్చి ఒక్కటే నూరిపోశారు: మీ ముఖం తెల్లకాగితం. అవతలి మనిషి మొగుడు చచ్చాడన్నా, లాటరీ తగిలిందన్నా, కనుబొమ్మ కదలకూడదు. సలహా ఇవ్వకూడదు. విన్నది ఎక్కడా చెప్పకూడదు. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

ఆ సంతకం సంగతే ఇప్పుడు చెప్పింది గేషె.

"నేను నీతో అన్న మాటలు చెప్పొద్దులేవే," అంది టాల్కె. "నువ్వు కళ్ళారా చూసింది చెప్పు. పద్నాలుగేళ్ళు నా బల్ల దగ్గర కూర్చున్నావ్. నేనేం చేస్తుండగా వచ్చావో, ఏం చేస్తుండగా పోయావో, అది చెప్పు చాలు."

దావా ఇదీ. పెళ్ళినాడు, అంటే డెబ్భై ఒకటిలో, మామగారు ఇద్దర్నీ పట్నంలో నోటరీ దగ్గరికి తీసుకుపోయి రాయించాడు: నీది నీది, నాది నాది. పడవ ఉన్న ఇళ్ళలో అది మామూలే. కోడలు వెళ్ళిపోతే పడవలో సగం కోసుకుపోతుందని భయం. అప్పటికి టాల్కెకి ఉన్నది ఒక సైకిలు, రెండు దుప్పట్లు. నవ్వుతూ సంతకం పెట్టింది. ఇరవయ్యేడేళ్ళ తర్వాత హబ్బో, పట్నంలో జుట్టు కత్తిరించే దుకాణం నడిపే ఒకామెను చూసుకుని, పడవా, రొయ్యల గదీ, సముద్రం వైపు అమ్మకపు కిటికీ, అన్నీ బేరం పెట్టాడు. టాల్కెకి మళ్ళీ సైకిలే మిగిలింది. రొట్టెల కొట్టు మీద గది, అతిథి గృహంలో పక్కలు వేసే ఉద్యోగం. వకీలు ఒక దారి చెప్పాడు. ఆమె భార్యగా ఇంటి మనిషి చేసే సాయం మాత్రమే చేయలేదని, ఆ వ్యాపారంలో భాగస్వామిలాగా రోజంతా పనిచేసిందని తేలితే, నోటరీ కాగితం ఎలా ఉన్నా కోర్టు ఆమెకి వాటా ఇప్పించవచ్చు. తేలాలంటే ఎవరైనా చెప్పాలి.

"రేవులో ఆడవాళ్ళనడక్కపోయావా?"

"అడక్కుండా ఉంటానా! ఫోల్కర్ట్ పెళ్ళాం ఏమందో తెలుసా? ‘నువ్వు చేసింది పనైతే మరి నేను చేస్తున్నదేంటే? ఈ వయసులో నన్ను కూర్చోబెట్టి అది ఆలోచించమంటావా?’ అని మొహమ్మీద తలుపేసింది. పాపం, దాని తప్పులేదులే."

బస్సు చర్చి దగ్గర ఆగింది. గేషె ఇంకా రెండు ఊళ్ళు పోవాలి. "ఆలోచిస్తా," అంది.

"ఆలోచించు. జనవరి పదకొండున విచారణ, అందాకా టైముంది," అని టాల్కె దిగిపోయింది.

ఈ తీరాన పాత కట్టుబాటు ఒకటుంది. కట్టకు మట్టి మోయనివాడికి భూమి లేదు. తన వంతు కట్ట తెగితే బాగు చేసుకోలేనివాడు పారను కట్టలో గుచ్చి ఊరొదిలి పోవాలి. ఆ పార పెరికినవాడిదే పొలం. ఆరువందల ఏళ్ళు ఈ నేల మునగకుండా నిలిచింది ఆ కట్టుబాటు వల్లనే అంటారు, నిజమే కావచ్చు. అయితే తుఫాను రాత్రుల్లో మట్టి తట్టలు మోసినవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళని, కట్ట పుస్తకాల్లో మాత్రం ఒక్క ఆడపేరూ లేదని, చర్చి గిడ్డంగిలో ఆ పుస్తకాలు తిరగేసినవాళ్ళకు తెలుసు. మోసింది ఆమె, వంతు అతనిది. ఇందులో దొంగతనమేమీ లేదు. రాసేవాడికి అలా కనిపించింది, మోసేదానికీ అలాగే కనిపించింది.

ఉత్తరాన హెర్రింగు చేపలు శుభ్రం చేసిన ఆడవాళ్ళ కథ వేరు. వాళ్ళు పడవల వెంట రేవు నించి రేవుకి పోయేవాళ్ళు. పెద్ద పాకల్లో వరసగా నిలబడేవాళ్ళు. మేస్త్రీ ఉండేవాడు, ఈల ఉండేది. ఒకరోజు కత్తులు కింద పెట్టి కూలి పెంచమన్నారు, పెంచారు. వాళ్ళ పని ఎన్ని గంటలో ఏ పుస్తకంలో చూసినా దొరుకుతుంది. పాకా, మేస్త్రీ, ఈలా ఉంటే పని కనిపిస్తుంది. వంటింటి బల్ల మీద, టీ కప్పు పక్కన, నూనెగుడ్డ పరుచుకుని చేస్తే అదే పని చెయ్యూరుకోని వ్యవహారం అయిపోతుంది.

టాల్కె ఇంట్లో రొయ్యలు అలాంటివే. హబ్బో పడవ మీదే సముద్రపు నీళ్ళలో ఉడికించి తెచ్చేవాడు, వేలెడైనా లేని బూడిదరంగు రొయ్యలు. తలా తోకా పట్టుకుని కాస్త మెలిపెట్టాలి, పొట్టు సగానికి జారుతుంది, మిగతా సగం గోటితో లాగాలి. మూడు కిలోలు ఒలిస్తే కిలో వస్తుంది. ఒలిచినవాటికి కిటికీ దగ్గర మంచి ధర. పొద్దున్న ఆరింటికి బల్ల ముందు కూర్చుంటే మధ్యాహ్నం పడవ వచ్చేదాకా ముందురోజువి ఒలుపు, తర్వాత తూకం, అమ్మకం, పెట్టెలు కడగడం, చిరిగిన వల అల్లడం, రేవు కార్యాలయానికి కాగితాలు రాయడం. ఇంట్లో ఒలవకూడదని ఆరోగ్యశాఖవాళ్ళు అన్నాక హబ్బో వెనకవైపు పలకలు పరిచిన గది కట్టించాడు. బల్ల అందులోకి మారింది. మనిషి మారలేదు.

గేషె మొదటిసారి వెళ్ళింది ఎనభై అయిదు మార్చిలో. టాల్కె లేవకుండానే మోచేత్తో కుర్చీ చూపించింది. టీ పోసింది. కప్పు అడుగున కలకండ చిటపటలాడింది. గేషె కూడా రేవు పిల్లే. ఆమె తల్లి కొట్టువాళ్ళకి ఒలిచేది, బడికి పోయేముందు పిల్లలు తలా ఒక గిన్నె ఒలిచి పోవాలి. అందుకని ఎదురుగా రొయ్యల గుట్ట ఉండగా ఆమె చేతులు ఊరుకోలేదు. ప్రశ్నల కట్ట మోకాలి మీద పెట్టుకుని తనూ ఒలవడం మొదలుపెట్టింది. ఇరవైనాలుగో ప్రశ్న వచ్చింది.

"గడిచిన వారం రోజుల్లో, జీతానికి గానీ లాభానికి గానీ ఒక్క గంటైనా పనిచేశారా?"

"పనా? నాకెక్కడ కుదురుతుందండీ పనికి పోవడం," అంది టాల్కె, చేతిలో రొయ్యను మెలిపెడుతూ. అప్పటికింకా వాళ్ళిద్దరి మధ్యా మీరు, అండీ నడుస్తున్నాయి.

చేతిపుస్తకంలో ఒక సూచన ఉంది: ఇంట్లో వ్యాపారం ఉంటే రెండోసారి అడగండి, జీతం లేకుండా చేసినా పనే. గేషె అడిగింది. "మీ ఆయన వ్యాపారంలో సాయం చేస్తారా? గంటలు చెప్పగలరా?"

గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్న హబ్బో అందుకున్నాడు. "సాయమా? ఆవిడ నాకు సాయమేంటి లెక్కలమ్మా! ఆవిడ కబుర్లు చెప్పుకోవడానికి నేను రొయ్యలు తెచ్చిపెడుతున్నా. రాసుకో, సాయం చేసేది నేను!"

ముగ్గురూ నవ్వారు. టాల్కె అందరికన్నా ఎక్కువ నవ్వింది. "ఏదో కాస్త చెయ్యందిస్తా అంతే," అంది. గేషె వేళ్ళు గుడ్డకి తుడుచుకుని, ‘ఇల్లాలు’ అన్న గడిలో గీత గీసి, గంటల గడిలో సున్నా పెట్టింది. మరుసటి ఏడు రెండోసారి అడగలేదు. ఆ మరుసటి ఏడూ లేదు. అడిగి ఆమెని చిన్నబుచ్చడం ఎందుకనుకుంది. అండీలు పోయి నువ్వులు వచ్చాయి. వెళ్ళేటప్పుడు టాల్కె ఒక పొట్లం కట్టిచ్చేది. సంస్థ కార్యాలయంలో గుమాస్తా పిల్ల ఫోను చేసి, "శ్రీమతి రైకెనా, మీ కాగితాలొచ్చిన రోజు వీధిలో పిల్లులన్నీ మా మెట్ల మీదే ఉంటున్నాయి," అనేది. పద్నాలుగు సున్నాలు అలా పోయాయి.

సంస్థ క్రిస్మస్‌కి క్యాలెండరుతోపాటు సన్నటి పుస్తకం పంపేది, తాము సేకరించింది ఏమైందో చూసుకోమని. తొంభై మూడులో వచ్చినదాంట్లో తీరప్రాంతం గురించి రెండు పేజీలున్నాయి. ఇక్కడి తల్లులు పనికి పోవడం దేశంలోకెల్లా తక్కువట. ఇంటిపట్టునే ఉండడం వాళ్ళకి ఇష్టమని తేలిందట. ఆ ఏడే రేవులో పిల్లల బడి సాయంత్రం దాకా నడపమని ఎవరో అర్జీ పెడితే, అవసరం కనిపించడం లేదని జిల్లావాళ్ళు తిప్పికొట్టారు. పన్నెండింటికి బడి గంట కొట్టేది. పిల్లలు రొయ్యల పెట్టెల పక్కన నిద్రపోయేవాళ్ళు. గేషె ఆ రెండు పేజీలూ చదివి, మొగుడికి కూడా చదివి వినిపించి, "మన ఊళ్ళ గురించి రాశారు చూశావా," అని సంబరపడింది.

బస్సులో కలిసిన మర్నాడే కార్యాలయానికి ఫోను చేసింది. అవతల కుర్రాడు మర్యాదస్తుడు.

"కోర్టు పిలిస్తే వెళ్ళక తప్పదు శ్రీమతి రైకెనా. కానీ ఆ ఇంట్లోకి మీరు వెళ్ళింది మా కాగితంతో కదా? అక్కడ చూసింది కూడా మాకిచ్చిన మాట కిందికే వస్తుంది. ఒక ఇంటి సంగతి బయటికొచ్చిందంటే రేపు మాకు ఏ తలుపూ తెరుచుకోదు."

"అంటే నా ఊళ్ళు పోతాయా?"

"నేనలా అనలేదు," అన్నాడు కుర్రాడు.

మొగుడికి చెబితే, "పిచ్చిదానా, నీ కడుపు కొట్టుకుని ఇంకొకత్తి కడుపు నింపుతావా?" అన్నాడు. నవంబరులో గేషె, టాల్కె తరఫు వకీలుకి ఉత్తరం రాసింది, వస్తానని.

జనవరి పదకొండున కోర్టు గది వెచ్చగా ఉంది. హబ్బో చావులకి వేసుకునే నల్లకోటులో వచ్చాడు. టాల్కె వైపు చూడకుండా, గేషెకి మాత్రం తల ఊపాడు. న్యాయమూర్తికి జలుబు. నెమ్మదైన మనిషి. నిజమే చెప్పాలని హెచ్చరించి, ప్రతి జవాబునూ తన మాటల్లో కుదించి, చేతిలోని చిన్న యంత్రంలోకి చెప్పి, మళ్ళీ వినిపించి సరేనా అని అడిగేవాడు. ఇక్కడి కోర్టుల పద్ధతే అది.

గేషె అన్నీ చెప్పింది. టాల్కె ఏమని జవాబిచ్చిందో అడగవద్దని ముందే కోరింది, న్యాయమూర్తి ఒప్పుకున్నాడు. చూసింది చెప్పింది. బల్ల, గుట్ట, తూకం, కిటికీ, వల, వాచిన వేళ్ళు. ఏ ఏడు ఎన్ని బుట్టలు అన్నది కూడా గుర్తుంది. చెబుతున్నకొద్దీ గొంతు స్థిరపడింది. టాల్కె వకీలు కుర్చీలో వెనక్కి వాలాడు. టాల్కె నిటారుగా కూర్చుంది.

హబ్బో తరఫున ఒక పడుచు వకీలమ్మ. గడియారం వంక చూసుకుంటూనే ఉంది. పసిబిడ్డ తల్లి అని విరామంలో ఎవరో అన్నారు. లేచి, మృదువుగా అడిగింది.

"ఆవిడ ఏం చెప్పారో నాకక్కర్లేదు. మీ గురించే అడుగుతా. ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు మీరూ రొయ్యలు ఒలిచారా?"

"ఒలిచా."

"ఎంతసేపు?"

"మాటలైనంతసేపు. గంటన్నర ఉంటుంది."

"ప్రతి ఏడూ?"

"ఊఁ."

"కూలి తీసుకున్నారా?"

"అయ్యో, లేదు. ఒక పొట్లం ఇచ్చేది, తినడానికి."

"అంటే స్నేహంగా చెయ్యందించారు."

"అంతే."

"శ్రీమతి రైకెనా, మనుషుల పని గురించి అడగడమే మీ వృత్తి. దేన్ని పనంటారో మాకన్నా మీకే బాగా తెలుసు. ఆ పద్నాలుగు సార్లలో, ఎదురుగా ఆవిడ ఒలుస్తుంటే, ఆవిడ పనిచేస్తోందని మీకు అనిపించిందా?"

టాల్కె వకీలు అభ్యంతరం అన్నాడు. న్యాయమూర్తి ముక్కు తుడుచుకుని, "సాక్షిని చెప్పనీండి," అన్నాడు.

అనిపించింది అంటే సరిపోయేది. గదిలో ఎవరూ కాదనగలిగేవాళ్ళు కాదు. టాల్కె ఆమె నోటి వంకే చూస్తోంది. కానీ పదిహేనేళ్ళుగా గేషె చేసిందల్లా, అడిగినదానికి ఉన్న జవాబును ఉన్నట్టు గడిలో వేయడమే. ఇంకోలా చేయడం ఆమెకి రాలేదు.

"అనిపించలేదు," అంది. వెంటనే, "ఇప్పుడు అనిపిస్తోంది," అంది.

"ఇప్పటి సంగతి అడగలేదండీ. థాంక్స్," అని వకీలమ్మ కూర్చుంది.

న్యాయమూర్తి యంత్రం నోటి దగ్గర పెట్టుకున్నాడు. "తాను చూసినది వృత్తిపరమైన పని అని ఆ కాలంలో తనకు అనిపించలేదని సాక్షి చెప్పింది." మీట నొక్కి వినిపించాడు. "సరేనా?"

ఆ గొంతులో అది తన మాటలా లేదు. తప్పని కూడా అనలేకపోయింది. "సరే," అంది గేషె.

తర్వాత అరగంటలో అంతా అయిపోయింది. తీర్పు దాకా పోతే టాల్కెకి కష్టమని, ఇక్కడ కనిపిస్తున్నది కుటుంబ సాయంలాగే ఉందని, ఇద్దరూ రాజీ పడితే మంచిదని న్యాయమూర్తి అన్నాడు. హబ్బో ఒక మొత్తం చెప్పాడు. రొట్టెల కొట్టు మీది గదికి రెండు చలికాలాల అద్దెకి సరిపోయేంత. వకీలు టాల్కె చెవిలో చాలాసేపు గొణిగాడు. ఆమె కలం అందుకోబోతే వేళ్ళు వంగలేదు. రెండు చేతులతో పట్టుకుని సంతకం చేసింది.

గేషె బయట వసారాలో కిటికీ దగ్గర నిలబడి ఉంది. టాల్కె కోటు తగిలించుకుంటూ వచ్చింది. ఆగింది.

"అబద్ధం చెప్పాల్సింది నేను," అంది గేషె.

"అది పోనీ. ఆ పిల్ల అడిగిందని కాదు, నేనడుగుతున్నా. అప్పుడు, నా ఎదురుగా కూర్చున్నప్పుడు, నిజంగానే అనిపించలేదా?"

"లేదే. ఒట్టు," అంది గేషె. "నీకో? నీకనిపించేదా?"

టాల్కె కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. పైనించి రెండోది ఎంతకీ పట్టలేదు. దాన్ని అలాగే వదిలేసి, తలకి గుడ్డ కట్టుకుంది. గేషె జవాబు కోసం నిలబడి ఉంది. టాల్కె ఆమెని దాటుకుని, కటాంజనం పక్కగా మెట్లు దిగి, బరువైన తలుపును భుజంతో తోసుకుని వీధిలోకి పోయింది. కిటికీలోంచి చూస్తే సన్నగా మంచు కురుస్తోంది. రెండింటికల్లా టాల్కె అతిథి గృహంలో పక్కలు మార్చాలి. కాలవ పక్కన గబగబా నడుస్తున్న ఆ పొట్టి మనిషి వంతెన దాకా కనిపించింది, తర్వాత కనిపించలేదు.